దాచుకొన్న భాగము

ఆది సంఘపు దినములలో బర్నబా అనువాడు తన భూమిని అమ్మి, దాని వెల తెచ్చి అపొస్తలుల పాదముల యొద్ద పెట్టెను. ఆ వెంటనే అననీయ, సప్పీర అను దంపతులు తమ పొలమును అమ్మి, వచ్చిన దానిలో కొంత దాచుకొని, మిగిలినది తెచ్చి, అదే మొత్తమన్నట్లు పెట్టిరి. ఆ వృత్తాంతము ఎట్లు ముగిసెనో చదువరులు ఎరుగుదురు. అయితే వారి తప్పు ఏది యని అడిగినప్పుడు, ద్రవ్యమును దాచుకొనుటయే తప్పని చాలమంది తొందరపడి చెప్పుదురు. పేతురు అట్లు చెప్పలేదు. పొలము వారిది. అమ్మిన తరువాత ద్రవ్యమును వారి వశములోనే యుండెను. ఇచ్చుటకు గాని మానుటకు గాని వారికి స్వేచ్ఛ కలదని ఆయన ఒప్పుకొనెను. తప్పు వేరొకచోట నున్నది. వారు కొంతను మొత్తముగా కనుపరచిరి. బర్నబా చెల్లించిన వెల చెల్లింపకయే బర్నబాకు కలిగిన మంచి పేరు తమకు కావలెనని కోరిరి.

ఈ వృత్తాంతములో తరచుగా గమనింపని సంగతి యొకటి కలదు. సప్పీర తన నోటితో అబద్ధమాడెను గాని, అననీయ ఒక్క మాటయైనను పలికినట్లు అక్కడ వ్రాయబడలేదు. అతడు సంచి తెచ్చి పెట్టెను, అంతే. అయినను అతడు అబద్ధమాడినవాడని తీర్పు పొందెను. కాబట్టి నోరు తెరవని అబద్ధమును ఒకటి కలదు. ఒకని మౌనము ఎప్పుడు మర్యాద, ఎప్పుడు అబద్ధము? వ్యాపారము చేయువారు ప్రతిదినము ఎదుర్కొను ప్రశ్న ఇదియే. ప్రజాసంబంధములు అను పేరుతో నేడు కళాశాలలలో బోధింపబడుచున్న విద్యయంతయు కడకు ఈ ప్రశ్న చుట్టునే తిరుగుచున్నది.

ఆ విద్యకు మూలపురుషులలో ఒకడుగా ఎంచబడు ఐవీ లెడ్‌బెటర్ లీ 1877లో అమెరికా దేశపు జార్జియా రాష్ట్రములో ఒక మెథడిస్టు బోధకుని యింట జన్మించెను. కొంతకాలము పత్రికా విలేఖరిగా పనిచేసిన పిమ్మట, యజమానుల మాటను ప్రజలకు చేర్చు పనిని వృత్తిగా చేపట్టెను. 1906లో బొగ్గు గనుల యజమానుల పక్షమున పనిచేయుచు అతడు పత్రికలకు ఒక ప్రకటన పంపెను. తన పని చాటుగా జరుగదనియు, తాను పంపు వివరములు సరియైనవిగా నుండుననియు, సరిచూచుకొన గోరిన విలేఖరులకు తోడ్పడుదుననియు దాని సారాంశము. అదే సంవత్సరము అక్టోబరు 28న అట్లాంటిక్ సిటీ యొద్ద రైలు వంతెన మీదనుండి నీటిలో పడి 50 మందికి పైగా మరణించిరి. అట్టి వార్తలను దాచుట ఆనాటి రైల్వే కంపెనీలకు అలవాటు. లీ సలహా మీద ఆ కంపెనీ విలేఖరులను ప్రమాద స్థలమునకు రప్పించి, తనకు తెలిసిన వివరములను వ్రాసి యిచ్చెను. దాచినందున కలుగు అనుమానము చెప్పినందున కలుగు నింద కంటె పెద్దదని అతడు గ్రహించియుండెను.

అయితే ఎనిమిది సంవత్సరములైన తరువాత ఆ మనుష్యుడే తాను వ్రాసిన నియమమునకు తప్పిపోయెను. 1914 ఏప్రిల్ 20న కొలరాడో రాష్ట్రములోని లడ్లో అను చోట, సమ్మె చేయుచు గుడారములలో నివసించుచున్న గని కార్మికుల మీద సైనికులును కంపెనీ కావలివారును దాడి చేసిరి. గుడారములు తగులబడగా, ఒక గుడారము క్రింద త్రవ్విన గోతిలో దాగియున్న ఇద్దరు స్త్రీలును పదకొండుమంది పిల్లలును ఊపిరాడక చనిపోయిరి. ఆ గని కంపెనీ రాక్‌ఫెల్లర్ కుటుంబము వశములో నుండెను. తండ్రి పక్షమున వ్యవహారములు చూచుచుండిన కుమారుడు జాన్ డి. రాక్‌ఫెల్లర్ జూనియర్ బాప్టిస్టు సంఘములో బైబిలు తరగతి నడిపినవాడు. దేశమంతయు నిందింపగా ఆ కుటుంబమువారు లీని పిలిపించిరి. అతడు కంపెనీ పక్షమున కరపత్రములు అచ్చువేయించి దేశమంతట పంచెను. వాటిలో ఒక కార్మిక నాయకుని సంవత్సరపు రాబడిని తొమ్మిది వారముల రాబడిగా చూపిరి. విచారణ సంఘము ప్రశ్నించినప్పుడు, కంపెనీవారు ఇచ్చిన వివరములనే అచ్చువేసితిననియు, వాటిని తాను సరిచూడలేదనియు లీ ఒప్పుకొనెను. రచయిత అప్టన్ సింక్లెయిర్ అతనికి 'విషపు తీగ' అను అర్థము వచ్చు మారుపేరు పెట్టెను. ఆ పేరు అతనిని విడువలేదు.

లీ పతనమునుండి నేర్చుకొనవలసినది సులభముగానే కనబడును. సత్యమును చెప్పవలెనను నియమము అతనికి తెలియక కాదు. తన చేతికి వచ్చినది మొత్తమా, కొంతయా అని అతడు అడుగలేదు. అడిగినయెడల జవాబు వినవలసి వచ్చును. యజమాని గుమాస్తాను, గుమాస్తా ప్రకటన వ్రాయువానిని, ప్రకటన వ్రాయువాడు పత్రికను నమ్ముకొని, ఎవరును సరిచూడక పంపిన మాటకు ఎవరు బాధ్యులు? అందరును బాధ్యులే. తరువాత 1915లో, సలహాదారులు చెప్పినందున, రాక్‌ఫెల్లర్ జూనియర్ స్వయముగా కొలరాడో వెళ్లి, గనులలోనికి దిగి, కార్మికులతో కూర్చుండి భోజనము చేసెను. కరపత్రములు చేయలేని పనిని ఆ ప్రయాణము కొంతవరకైనను చేసెను. అయితే చనిపోయిన పిల్లల తల్లులకు అది ఆలస్యముగా వచ్చిన మాట.

ఇక్కడ ఒక ఆక్షేపణ వచ్చును. వ్యాపారి తనకు తెలిసినదంతయు బజారులో చాటవలెనా? అతని కొనుగోలు ధర, అతని వంటకపు రహస్యము, అతని కుటుంబపు అప్పులు అందరికిని చెప్పవలెనా? అవసరము లేదు. పొలము వారిదేనని పేతురు ఒప్పుకొన్నట్లు, వర్తకునికిని తనదైన మౌనము కలదు. హద్దు ఎక్కడ నున్నదో తెలిసికొనుటకు రెండు ప్రశ్నలు చాలును. మొదటిది, చెప్పిన కొంతను వినువాడు మొత్తమని నమ్ముచున్నాడా? రెండవది, చెప్పని భాగము తెలియనందున అతనికి హాని కలుగునా? రెంటికిని కాదను జవాబు వచ్చినచో మౌనము న్యాయమైనది. ఏ ఒక్కదానికైనను అవునను జవాబు వచ్చినచో దాచుకొన్న భాగము వర్తకునిది కాదు. అది వినువానికి చెల్లింపవలసిన అప్పు.

ఈ అప్పు చెల్లించిన చోటును, చెల్లింపని చోటును రెండు సంవత్సరముల వ్యవధిలోనే లోకము చూచెను.

1982 సెప్టెంబరు చివర అమెరికాలోని చికాగో ప్రాంతమున టైలెనాల్ అను నొప్పి మందు క్యాప్సూళ్లు మింగిన ఏడుగురు మరణించిరి. దుకాణములలోని సీసాలలో ఎవరో సయనైడు విషము కలిపిరి. కలిపిన వారెవరో నేటికిని రుజువు కాలేదు. ఆ మందు అమ్ము జాన్సన్ అండ్ జాన్సన్ సంస్థ తన ఫ్యాక్టరీలో దోషము లేదని చెప్పి ఊరకుండవచ్చును. అది సత్యమే, కాని మొత్తము కాదు. జేమ్స్ బర్క్ అధ్యక్షతన ఆ సంస్థ మందు వాడవద్దని ప్రజలను హెచ్చరించెను. ప్రకటనలు నిలిపివేసెను. దేశమంతటినుండి సుమారు 3 కోట్ల 10 లక్షల సీసాలను వెనుకకు రప్పించెను. వాటి వెల 10 కోట్ల డాలర్లకు పైమాట. ఫ్యాక్టరీలో సయనైడు లేనే లేదని మొదట విలేఖరులతో చెప్పిన సంస్థ, పరీక్షల నిమిత్తము కొద్దిపాటి యున్నదని తెలిసినప్పుడు ఆ సంగతి తానే చెప్పి తన మాటను సరిదిద్దుకొనెను. కొన్ని వారములలోనే, ముందుగా ఎవరైనను తెరచినయెడల తెలియునట్లు భద్రపరచిన క్రొత్త సీసాలలో ఆ మందు మరల వచ్చెను.

భోపాలులో 1984 డిసెంబరు 2వ తేదీ రాత్రి తెల్లవారకముందే యూనియన్ కార్బైడ్ పురుగుమందుల కర్మాగారమునుండి మిథైల్ ఐసోసయనేటు అను విషవాయువు వెలువడి, నిద్రించుచున్న బస్తీల మీద ప్రాకెను. ప్రభుత్వము ఒప్పుకొన్న లెక్క ప్రకారమే వేలాదిమంది మరణించిరి. ఆ కర్మాగారములో ప్రజలను హెచ్చరించు సైరన్ ఉండెను. అది కొద్దిసేపు మ్రోగి ఆగిపోయెను. చిన్న చిన్న లీకులకు చుట్టుపట్ల ప్రజలు కలవరపడకూడదని దానిని త్వరగా ఆపు పద్ధతి అక్కడ అమలులో నుండెను. ఆసుపత్రులకు పరుగెత్తి వచ్చినవారికి చికిత్స చేయవలసిన వైద్యులకు ఆ వాయువు ఏదో, దానికి ఏమి చేయవలెనో తెలియలేదు. ముఖమునకు తడిగుడ్డ కప్పుకొనవలెనను చిన్న మాటయైనను ఆ బస్తీలవారికి ఎవరును ముందుగా చెప్పియుండలేదు. రాజ్‌కుమార్ కేస్వానీ అను పాత్రికేయుడు 1982లోనే ఆ అపాయమును గురించి హిందీ పత్రికలో వ్రాసెను గాని, వినవలసినవారు వినలేదు. ఆ విపత్తు తరువాత 1987లో మన దేశపు ఫ్యాక్టరీల చట్టమును సవరించి, ప్రమాదకరమైన పరిశ్రమలు తమ అపాయములను కార్మికులకును, చుట్టుపట్ల ప్రజలకును, అధికారులకును తెలియజేయవలెనని నిర్బంధించిరి. ప్రేమ చెప్పించవలసిన మాటను చట్టము చెప్పించవలసి వచ్చెను.

ప్రజలు కలవరపడుదురను మాట విని ఆగవలసిన చోటు ఇది. సత్యమును దాచు యజమానులు సాధారణముగా లోభము వలన దాచుచున్నామని చెప్పరు. జనుల మేలుకొరకే దాచుచున్నామని చెప్పుకొందురు, నమ్ముదురు కూడ. ఆ సైరన్ ఆపు పద్ధతిని ఏర్పరచినవారును హంతకులమని తలంచి యుండరు. ప్రజల శాంతి పేరుతో వారు తమ శాంతిని కాపాడుకొనిరి.

టైలెనాల్ వృత్తాంతమును వ్యాపార పాఠశాలలలో సత్యము లాభదాయకమనుటకు ఉదాహరణగా చెప్పుదురు. ఆ మందు ఒక సంవత్సరము లోపల పోయిన అమ్మకములో అధిక భాగమును తిరిగి సంపాదించెననుట నిజమే. కాని లాభమే కారణమైనచో ఆ సత్యమునకు విలువ ఏమి? భక్తిగల ప్రొటెస్టంటు దంపతులకు పుట్టిన జర్మను తత్త్వవేత్త ఇమ్మానుయేల్ కాంట్ 1785లో ప్రకటించిన నీతిశాస్త్ర గ్రంథములో ఒక దుకాణదారుని ఉదాహరణ తీసికొనెను. అతడు ధర తెలియని వారిని మోసగింపడు. చిన్నపిల్ల వచ్చినను అందరికిని ఇచ్చు ధరకే ఇచ్చును. అతని నడత సరియైనదే. కాని మంచి పేరు వలన బేరము పెరుగునని అట్లు చేయుచున్నచో, అది న్యాయమునకు అనుకూలమైన పని యగును గాని న్యాయము కొరకు చేసిన పని కాదని కాంట్ వాదించెను. ఆ తేడా బయటికి కనబడదు. సత్యము నష్టము తెచ్చు దినమున మాత్రమే కనబడును. 1982 అక్టోబరులో సీసాలు వెనుకకు రప్పించిన దినమున, ఆ మందు పేరు మరల లేచునని ఎవరును హామీ ఇవ్వలేదు.

ఒక దినపు సత్యము మరియొక దినమునకు నిలువచేసికొన తగిన ధనము కాదు. అదే జాన్సన్ అండ్ జాన్సన్ సంస్థ, తన పసిపిల్లల పౌడరు వలన క్యాన్సరు వచ్చెనను వేలాది వ్యాజ్యములను తరువాతి కాలమున ఎదుర్కొనెను. పౌడరు క్షేమకరమైనదేనని వాదించుచునే, టాల్కుతో చేసిన ఆ పౌడరు అమ్మకమును 2020లో అమెరికా, కెనడా దేశములలో నిలుపుదల చేయుచున్నట్లు ప్రకటించెను. 2023లో లోకమంతట ముగించెను. ఆ వ్యాజ్యముల తీర్పు ఎట్లున్నను, నలభై సంవత్సరముల క్రిందటి మంచి పేరు చూపి నేటి ప్రశ్నకు జవాబు చెప్పుట ఎవరికిని సాధ్యము కాదు.

తెలుగువారికి మరింత సమీపమైన ఉదాహరణ హైదరాబాదులోనే కలదు. 1987లో అక్కడ స్థాపింపబడిన ఒక కంప్యూటరు సంస్థకు సత్యం అని పేరు. 2008లో దానికి ఉత్తమ పరిపాలనకు బహుమానము కూడ లభించెను. 2009 జనవరి 7న దాని అధ్యక్షుడు, లెక్కలలో చూపిన నగదులో సుమారు 5,040 కోట్ల రూపాయలు అసలు లేవని లేఖ వ్రాసి ఒప్పుకొనెను. మొదట స్వల్పముగా నున్న తేడా సంవత్సరముల తరబడి పెరిగి పెద్దదైనదని ఆ లేఖ తెలిపెను. యాభై వేలమంది ఉద్యోగుల గృహములలో ఆ రాత్రి నిద్ర కరువాయెను. 2015లో న్యాయస్థానము బాధ్యులను దోషులుగా తీర్చెను. మొదటి సంవత్సరపు స్వల్పమైన తేడాను ఆనాడే ఒప్పుకొనియుండినచో కలిగెడి అవమానము ఎంత? వాటాదారుల సభలో ఒక పూట తల వంచుకొనుట. ఆ ఒక్క పూట తప్పించుకొనుటకు సంస్థయంతయు వెల చెల్లించెను. పేరు సత్యమైనంత మాత్రమున మాట సత్యము కాదు.

ఇవన్నియు గొప్ప సంస్థల సంగతులనియు, చిన్న దుకాణము నడుపుకొను విశ్వాసికి వీటితో పని లేదనియు చదువరులలో కొందరు తలంచవచ్చును. ఒక చిన్న పట్టణమున పచ్చళ్లు పెట్టి సీసాలలో అమ్ముకొనుచున్న విధవరాలిని తలంచుకొందురు గాక. ఆమె యొద్ద ముగ్గురు స్త్రీలు పనిచేయుచున్నారు. బ్యాంకు అప్పు తీరవలసియున్నది. ఈ వేసవిలో పెట్టిన ఆవకాయలో ఒక వాయి నూనె చెడినది. 200 సీసాలు అప్పటికే అమ్ముడుపోయినవి. ఐదుగురు తిరిగి తెచ్చిరి. ఆమె ఆ ఐదుగురికి మారుమాటాడక క్రొత్త సీసాలు ఇచ్చెను. వారు ఆమె మంచితనమును మెచ్చుకొని వెళ్లిరి. ఇప్పుడు ఆమె న్యాయము చేసినదా?

చేసినది, కొంత. మిగిలిన 195 ఇండ్లలో ఆ పచ్చడి ఇంకను అన్నములో కలుపబడుచున్నది. ఐదుగురు చెప్పిన మెప్పును మొత్తమునకు జవాబుగా స్వీకరించినచో, ఆమె తెలియకయే అననీయ సంచిని మోయుచున్నది. ఆమె చేయవలసిన పని కష్టమైనది గాని చిక్కైనది కాదు.

మొదట తన యొద్ద పనిచేయు ముగ్గురికిని జరిగినది చెప్పవలెను. వీధిలో విని తెలిసికొనిన పనివారు యజమానురాలి పక్షమున నిలువలేరు. తరువాత హాని కలుగగల వారికి, వారు అడుగక ముందే చెప్పవలెను. సీసాలు తీసికొనిన దుకాణములకు తానే వెళ్లి, ఫలాని తేదీన పెట్టిన వాయిలో నూనె చెడినదనియు, సీసా తెచ్చినచో వెల తిరిగి ఇచ్చెదననియు చీటీ అంటించవలెను. తెలిసినది తెలిసినట్లును, తెలియనిది తెలియనట్లును చెప్పవలెను. నూనె ఎట్లు చెడెనో తెలియనప్పుడు నూనె వర్తకుని మీద నేరము మోపరాదు. తెలిసిన పిమ్మట, మొదట చెప్పిన దానిలో పొరపాటు ఉన్నచో, ఇతరులు బయటపెట్టక ముందే తానే సరిదిద్దుకొనవలెను. అన్నిటికంటె ముఖ్యముగా, చెప్పిన మాట వెనుక చెల్లించిన వెల యుండవలెను. వెల లేని క్షమాపణ వినువానికి మరియొక ప్రకటన వలె వినబడును.

ఇట్లు చేసినందున ఆమె వ్యాపారము నిలుచునని ఎవరును వాగ్దానము చేయలేరు. ఈ వేసవి లాభము పోవచ్చును. పొరుగున నున్న పోటీదారు ఆ చీటీని చూపి నవ్వవచ్చును. బ్యాంకు వాయిదా తప్పి, ముగ్గురిలో ఒకరికి పని చూపలేకపోవచ్చును. ఆ నష్టమును తక్కువచేసి చెప్పుట మరియొక అసత్యము. అయితే ఆ 195 ఇండ్లవారు తమ పిల్లల కంచములో వడ్డించునది ఆమె మాటను నమ్మియే. ఆ నమ్మికను ఆమె వారియొద్ద అప్పుగా తీసికొనినది, సంపాదించుకొనలేదు. అప్పు తీర్చుట వలన తనకు లాభమా నష్టమా అని లెక్కచూచిన తరువాత తీర్చువాడు ఇంకను అప్పులోనే యున్నాడు.

అననీయ వృత్తాంతమునకు ఎదురుగా సువార్తలో మరియొక వర్తమానము కలదు. యెరికో పట్టణపు సుంకరి జక్కయ్యకు మంచి పేరు లేదు. దానిని బాగుచేసికొనుటకు అతడు ఎవరిని కూలికి పెట్టలేదు. ఊరివారు సణుగుచుండగా అతడు నిలువబడి, తన ఆస్తిలో సగము బీదలకిచ్చుచున్నాననియు, ఎవని యొద్దనైనను అన్యాయముగా తీసికొనియుండినచో నాలుగంతలు తిరిగి చెల్లించెదననియు చెప్పెను. అతడు పలికిన మాటలలో తనను సమర్థించుకొను మాట యొకటియు లేదు. ఎంత, ఎవరికి, ఎన్ని రెట్లు అను లెక్క మాత్రమే కలదు. ఊరివారు అతనిని ఆ తరువాత మెచ్చుకొనిరా అని సువార్త చెప్పదు. అతని యింటికి ఆ దినమున రక్షణ వచ్చెనని మాత్రము చెప్పుచున్నది.

అననీయ తెచ్చిన ద్రవ్యము తక్కువ కాకపోవచ్చును. జక్కయ్య ఇచ్చినది సగమే. అయితే ఒకడు కొంత తెచ్చి మొత్తమన్నాడు. మరియొకడు సగమిచ్చి సగమనియే చెప్పెను. వ్యాపారము చేయు ప్రతి విశ్వాసియు రాత్రి దుకాణము తలుపు వేయు వేళ తన దినపు మాటలను తలంచుకొని, ఏ భాగమును దాచితిని, అది ఎవరిది అని తన్ను తాను అడుగుకొనవలెను.